రాహుకాలానికి ముందే బయల్దేరాం

మా అక్క రాహుకాలం దాటేవరకూ నిండు కడుపుతో ఉన్న కూతుర్ని గడప దిగనివ్వలేదనీ, అందుకే బిడ్డ దక్కలేదనీ మా చుట్టాలందరూ చెప్పుకుంటారు. పెళ్ళి పంక్తుల్లో సాంబారు వడ్డించుకుంటూ కూడా చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు ఆ ఇంట్లో లేరు. నేనున్నాను.

అది బుధవారం. బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా. మేము ఆటో ఎక్కింది పదకొండుకు ఐదు నిమిషాల ముందు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే ముప్పావు గంట పడుతుందన్నారు. ఆగుదామని బావ అన్నాడు. ఆగుదామని నేనూ అన్నాను, దాచిపెట్టడం దేనికి. వినంది అక్క ఒక్కతే.

"పన్నెండైతే రాహుకాలం వొచ్చేస్తాది. దానిలోపల ఆస్పత్రి మెట్టెక్కాల. లెయ్ మే, లెయ్యి! ఆటో వాణ్ణి పిలవండి!" అని అరిచింది.

రాహుకాలం అనేది లేకపోతే, ఆ గుంతల దారిలో ఎప్పటికి వచ్చేదో తెలియని బండి కోసం మేము అరుగు మీద ఇంకో గంట కూర్చుని ఉండేవాళ్ళం. నేను పంచాంగం నమ్మేదాన్ని కాదు. ఆ విషయంలో అక్కతో నలభై ఏళ్ళుగా గొడవ పడుతున్నాను. కానీ ఆ రోజు ఆ ఇంట్లో పనికొచ్చిన కాగితం ఏదన్నా ఉందంటే గోడకు తగిలించిన క్యాలెండరు ఒక్కటే. మిగిలిన కాగితాల సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అక్క ఊరు తమిళనాడులో, తిరుత్తణికి పడమట, కొండల కింద. తిరుత్తణిలో ఒక బస్సెక్కి దిగి, మినీ బస్సు కోసం నిలబడాలి. అది రోజుకు మూడు తడవలు వస్తుంది, లేదంటే రెండు. ఊరి వెనక కనుమ దాటితే ఆంధ్ర. మాకు ఇటూ అటూ ఇచ్చిపుచ్చుకోవడం తాతల నాటినుంచీ ఉంది. అక్క కూతుర్ని కనుమకు అవతలి ఊళ్ళోనే ఇచ్చారు. మంచి పిల్ల, ప్లస్ టూ దాకా చదివింది. అంతా అరవంలోనే. నా కాలంలో ఊరి బళ్ళో తెలుగు ఉండేది, దాని కాలానికి లేదు. ఇంట్లో, వీధిలో, కలలో కూడా తెలుగే మాట్లాడుతుంది గానీ అక్షరం ముక్క చదవలేదు. మొగుడికి ఫోనులో పంపే తెలుగు మాటలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతుంది. అక్క బడికి పోయింది మూడో క్లాసు దాకా. బావకు సంతకం వచ్చు. ఆ ఇంటికి సంబంధించి తెలుగు చదవగలిగిన మనిషిని నేనే. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు చరిత్ర చెబుతూ, మూడు గంటల ప్రయాణం దూరంలో ఉన్నాను.

పిల్లకు నెల తప్పింది అత్తగారింట్లో. అక్కడి నర్సు దాని పేరు రాసుకుని, కార్డు ఇచ్చి, నెలనెలా చూసింది. ఏడో నెలలో గాజులు తొడిగి, మా వాళ్ళు పుట్టింటికి తీసుకొచ్చారు. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలి. ఇందులో వాదన లేదు, నాకు కూడా లేదు. పంపేటప్పుడు అత్తగారు ప్లాస్టిక్ కవరు ఒకటి అక్క చేతిలో పెట్టింది. అందులో కార్డు, ఒక అట్ట మాత్రలు.

"అంతా దీంట్లో రాసుండాది," అందట.

అక్క ఆ కవరు పట్టుకుని కూతుర్ని మా వైపు నర్సు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ నర్సు ఆరేడు ఊళ్ళకు ఒక్కతే. కార్డు తిప్పి చూసి, ఇది చెల్లదు పొమ్మంది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈ రాష్ట్రం ఇచ్చే నంబరు కావాలట. నంబరు లేకుంటే రేపు బిడ్డకు పుట్టిన సర్టిఫికెట్టు కూడా రాదట. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"ఏం మే, నీకు చదువొచ్చు, నోరుండాది. వొచ్చి మాట్లాడు. నన్ను చూస్తే కసురుకుంటాది."

నేను సెలవు పెట్టి వెళ్ళాను. నోరుందని పిలిస్తే వెళ్ళకుండా ఉంటానా. ఆ నర్సుకు ముప్పై ఏళ్ళుంటాయేమో. మనిషి అరవమే, మేము మాట్లాడుకున్నదీ అరవమే. తెలుగు చేసి రాస్తున్నాను.

"అక్కా, ఇది ఆ రాష్ట్రం కార్డు. నా ట్యాబులో ఎక్కదు."

"బిడ్డ ఏ రాష్ట్రంలో పెరగాలో ముందుగా మీ ట్యాబును అడగాల్సిందా?"

"అట్లా కాదు అక్కా. కొత్తగా ఎక్కిస్తే మొదటి మూడు నెలల్లో ఎందుకు రాయలేదని పైవాళ్ళు నన్ను పట్టుకుంటారు."

"మొదటి మూడు నెలలూ ఈమె నీ ఊళ్ళో లేదని రాసుకో. మనుషులు పెళ్ళిళ్ళు చేసుకుని అటూ ఇటూ పోతారని మీ పైవాళ్ళకు తెలీదా? వాళ్ళ పెళ్ళాలు పురుడుకు యాడికి పోయారో అడుగు!"

వరసలో కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. నర్సు మొహం చిన్నబోయింది. అర్ధగంటలో నంబరు వచ్చింది, కొత్త కార్డు వచ్చింది. దారి పొడుగునా అక్క నన్ను పొగుడుతూనే ఉంది. నాకూ బాగానే ఉండింది.

పాత కార్డును అక్క బీరువాలో చీరల కింద పెట్టింది. అట్టలోని మాత్రలు రెండు వారాల్లో అయిపోయాయి. పిల్ల ఖాళీ అట్ట పారేసి, తెల్ల మాత్రలు అయిపోయాయని మా వైపు నర్సుతో చెప్పింది. నర్సు రక్తం పట్టడానికి ఎర్రవి, ఎముక బలానికి తెల్లవి ఇచ్చింది. తెల్లవి తెల్లవే కదా అనుకుని పిల్ల అవి మింగింది. తొమ్మిదో నెల పడేసరికి కాళ్ళు వాచాయి, వేళ్ళు వాచాయి, ముఖం ఉబ్బింది. నీళ్ళు పట్టింది, కాన్పైతే దిగిపోతుందని ఊళ్ళో అందరూ అన్నారు. నర్సూ అట్లాగే అంది.

బడికి సెలవులిచ్చారని నేను మంగళవారం వెళ్ళాను. పిల్ల రెండు రోజులుగా తలనొప్పి అంటోంది. అమృతాంజనం రాశాం. బుధవారం పొద్దున ఇడ్లీ తిని కక్కేసింది. "చిన్నమ్మా, కండ్ల ముందర మెరుపులు వస్తాండాయి," అంది. అప్పుడు నాకు భయం పుట్టింది. నర్సుకు ఫోన్ చేశాం. బుధవారం టీకాల రోజు కాబట్టి ఆమె వేరే ఊళ్ళో ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్ళమంది. ఆ తర్వాతదే రాహుకాలం కథ.

పదకొండు ముప్పావుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరాం. డాక్టరు కుర్రాడు, చురుకైనవాడు. పిల్ల చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. మళ్ళీ చూశాడు. రెండో చెయ్యి కూడా చూశాడు. కొత్త కార్డు తెరిచి, "ఇందులో అంతా బాగానే ఉందే," అన్నాడు. మాట్లాడుతూనే సూది వేయించాడు, బండి పిలిపించాడు. అతని పనిలో నేను వంక పెట్టను. తలనొప్పి ఎప్పటినుంచి అని అడిగితే బావ రెండు రోజులని చెప్పాడు.

"రెండు రోజులు ఇంట్లో ఏం చేస్తున్నారు మీరంతా?"

అక్క చేతులు జోడించింది. "రాహుకాలానికి ముందరే బయల్దేరినాం సామీ."

తను చేసిన ఒక్క మంచిపనీ చెప్పుకుంది, పాపం. ఆయనకు ఒళ్ళు మండింది. పిల్ల ప్రాణం మీదికి వచ్చినా రాహుకాలం చూసుకుంటూ కూర్చునే జనం అని నర్సుల ముందు తిట్టాడు. తిరుత్తణికి రాసిచ్చిన చీటీలో, కారణం రాయాల్సిన చోట, ఇంగ్లీషులో ఒక ముక్క రాశాడు. ఇంట్లో ఆలస్యం అని. నేను బండిలో కూర్చుని ఆ చీటీ చదివాను. దిగి వాదించే సమయం కాదది. నా జన్మలో నేను వాదించకుండా వదిలేసిన మాట అదొక్కటే.

తిరుత్తణిలో ఒక్క నిమిషం వృథా చేయలేదు, తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి పంపారు. దారిలో, ఇంకా కొంచెం దూరం ఉందనగా, పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఆ సంగతి రాయను. మూడున్నరకు ఆపరేషను చేశారు. ఆడపిల్ల. మూరెడు కూడా లేదు. గాజు పెట్టెలో పెట్టారు. కాలికి చుట్టిన పట్టీ మీద నేను వాదించి గెలిచిన నంబరు రాసి ఉంది. మరుసటి రోజు పొద్దు వాలేవేళకు పోయింది. తల్లి అప్పటికి కళ్ళు తెరవలేదు, బిడ్డను చూడనే లేదు. నంబరు ఉన్నందుకు పుట్టిన సర్టిఫికెట్టు, పోయిన సర్టిఫికెట్టు రెండూ ఏ ఇబ్బందీ లేకుండా చేతికొచ్చాయి.

అల్లుడు వాళ్ళమ్మతో వచ్చాడు. చీటీ వాళ్ళ కంట పడింది. ఇంగ్లీషు తెలిసిన ఎవరో చదివి చెప్పారు. డాక్టరు తిట్టిన తిట్లు బావే చెప్పాడు, తన మీదికి రాకుండా. వారం తిరిగేసరికి కనుమకు రెండు వైపులా రాహుకాలం కథ తయారైంది. నెల తర్వాత వాళ్ళు పిల్లను తీసుకెళ్ళిపోయారు.

పిల్ల బట్టలు సర్దడానికి బీరువా తెరిచినప్పుడు పాత కార్డు నా చేతికొచ్చింది. తెరిచాను. గుండ్రటి అక్షరాలు, బళ్ళో కాపీ రాతకు మార్కులు వేసినంత చక్కగా ఉన్నాయి. "బీపీ ఎక్కువ. ఈ మాత్రలు ఒక్క పూట కూడా ఆపకూడదు. ప్రతి వారం చూడాలి. కాన్పు పెద్దాసుపత్రిలోనే. తొమ్మిదో నెల పడగానే చేర్చాలి." కింద గీత కూడా గీసింది కనుమ అవతలి నర్సు, నేను ముఖం కూడా చూడని ఆ తల్లి.

ఇందాక ఒక మాట దాటేశాను. నంబరు కోసం నేను గొడవ పడిన రోజు, అంతా అయిపోయాక, ఆ నర్సు పాత కార్డు నా ముందుకు తోసింది. "అక్కా, మీకు తెలుగు వస్తుంది కదా. ఇందులో ఏముందో చదివి చెప్తారా, రాసుకుంటాను," అంది. నేనేమన్నానో తెలుసా? "చెల్లని కార్డు అన్నావు కదమ్మా, చెల్లనిదాంట్లో ఏముంటే నీకెందుకు?" అన్నాను. మళ్ళీ నవ్వారు వరసలోని ఆడవాళ్ళు. ఆ నవ్వు కోసం అన్నాను. కార్డు కవరులో పెట్టుకుని లేచి వచ్చేశాను.

కార్డులో ఉన్నదీ, ఆ రోజు నేను అన్నదీ అక్కతో చెప్పాను. మా అమ్మతో, అన్నతో, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు. చదువుకున్నదానివి, నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావన్నారు. బీపీ అంటే ఎవరికీ అర్థం కాదు, రాహుకాలం అంటే అందరికీ అర్థమవుతుంది. పైగా అందులో ఎవరి చెయ్యీ లేదు, ఒక్క మా అక్క చెయ్యి తప్ప.

ఇప్పుడు పిల్లకు మళ్ళీ ఐదో నెల. అక్కకు కావలసింది ఒక్కటే, ఈ కాన్పుకు కూతురి పక్కన ఉండాలి. వాళ్ళు పంపరట, ఈమెను రానివ్వరట. పిల్ల ఫోన్ చేసినా స్పీకరులో పెట్టే మాట్లాడాలి. అందుకే రెండు కార్డులూ తీసుకుని నేనే కనుమ దాటాను. పిల్ల అత్తగారు మర్యాదస్తురాలే. మజ్జిగ ఇచ్చింది, చాప వేసింది. నేను పాత కార్డు తెరిచి చదివి వినిపించాను.

"నాకెందుకు చదువుతావు వొదినా? నాకు తెలుసు. ఆ నర్సు నాతోనే చెప్పింది గదా. పిల్ల బెదురుతాదని దాంతో అనలేదు."

నేను కార్డు మూసేశాను. "తెలిసి, పంపేటప్పుడు ఒక్క మాట నోటితో చెప్పచ్చు గదా వొదినా?"

"కార్డు ఇస్తిమి గదా. మీరు తెలుగోళ్ళే గదా, చదువుకుంటారనుకున్న్యాం."

"మా వైపు పిల్లోళ్ళకు తెలుగు చదవడం యాడ వస్తుంది? మీ కోడలు సంవత్సరం నీ ఇంట్లో ఉండింది, అది తెలుగు చదవలేదని నీకు తెలీదా?"

"తెలీదు. ఎప్పుడు చదవమన్నాం దాన్ని? గలగలా మాట్లాడతాది గదా, చదవనూ వచ్చనుకున్న్యాం." కొంగు సర్దుకుంది. "ఇంగోటి చెప్తా విను. గాజులు తొడిగి పంపే రోజు, పదిమందిలో, నీ కూతురికి జబ్బుండాది తీసకపో అని ఎట్ల చెప్పేది? మేము సరిగ్గా చూసుకోలేదంటారు. లేకుంటే జబ్బు పిల్లను కట్టబెట్టినారా అని మావోళ్ళు మీ మింద పడతారు. నువ్వైతే చెప్తావా?"

నేనైతే చెప్తానన్నాను. చెప్తానో లేదో నాకు తెలీదు. వంటింటి తలుపు దగ్గర నిలబడి పిల్ల వింటోంది. దాని మొహం చూడలేక నేను కొత్త కార్డు తెరిచాను, చూపించడానికి ఏదో ఒకటి ఉండాలని. మా వైపు నర్సు చూసిన మూడు తడవలూ తేదీలు వేసి ఉన్నాయి. బీపీ గడిలో మూడు సార్లూ ఒకే అంకె. నూట ఇరవై, కింద ఎనభై. డాక్టరు అంతా బాగానే ఉందన్నది ఇది చూసే.

"మూడు తడవలూ ఇంతే ఉండిందా మే?" అని పిల్లను అడిగాను.

"యాడ చూసింది చిన్నమ్మా? మిషను రిపేరని చెప్పింది. నా చేతికి ఒక్క తడవ కూడా కట్టలేదు."

అత్తగారు నా చేతిలో నుంచి కార్డు తీసుకుని కాసేపు చూసింది. చదవడం ఆమెకూ పెద్దగా రాదు, అంకెలు వచ్చు. "సరే వొదినా. డాక్టరు రాసింది ఇంట్లో ఆలస్యమని. అది కాయితం. నువ్వు చెప్పేది మాట. మా ఆయనకు, మా బావకు మాట పనికిరాదు. ఇది చూడకుండా రాసినానని ఆ నర్సుతో ఒక కాయితం రాయించుకురా. మీ అక్కను నేనే పిలిపిస్తా, పురుడు అయ్యేదాకా ఈడనే ఉండనీ."

మరుసటి రోజే నర్సు దగ్గరికి వెళ్ళాను. ఈసారి వరసలో ఎవరూ లేరు. ఆమె మందుల పెట్టెలు లెక్కచూసుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను కార్డు ముందు పెట్టి, ఆ గడి మీద వేలు పెట్టాను. గొంతు పెంచలేదు, నిజంగా పెంచలేదు.

"మిషను చెడిపోయి అప్పటికి నాలుగు నెలలు అక్కా. రాసి పంపాను, రాలేదు," అంది. "ట్యాబులో ఆ గడి ఖాళీగా వదిలితే తర్వాతి పేజీ తెరుచుకోదు. పేజీ తెరుచుకోకపోతే ఆమెకు సూది వేసినట్టు ఎక్కదు, మాత్రలు ఇచ్చినట్టు ఎక్కదు. సాయంత్రానికి ఊళ్ళన్నీ ఎక్కించాలి. లేకుంటే నన్ను మీటింగులో నిలబెడతారు."

"అందుకని?"

"ఏదో ఒకటి వేయాలి కదా."

"అదే రాసివ్వు. ఆ మాటలే రాసివ్వు. మా అక్క కూతురి దగ్గరికి పోవాలి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నా ఉద్యోగం పోతుంది అక్కా. నాకూ ఇద్దరు ఆడపిల్లలు." తర్వాత, నేను ఇంకా అక్కడే నిలబడి ఉండడం చూసి, అంది: "మీరు చదివి చెప్పలేదు. నేను చూసి రాయలేదు. మీరు నన్నేమని అడుగుతారు?"

నేను కార్డు మళ్ళీ కవరులో పెట్టుకుని వచ్చేశాను. 

అక్కకు చెబితే బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే అంది. "వదిలెయ్ మే. నా మిందే ఉండనీ. ఆ నర్సు పోతే ఇంగొకరు రారు, ఉండే ఒక్కతీ పాయె అంటారు ఊళ్ళో. నిన్నంటే నువ్వు తట్టుకోలేవు. నేనైతే మోస్తా." నాకు ఒళ్ళు మండి లేచి వచ్చేశాను. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే. కూతురు అక్కడ, ఈమె ఇక్కడ, మధ్యలో అరగంట దారి, కనుమ ఒకటి.

అక్కడి నర్సు ఈసారి వారం వారం పిల్ల చేతికి పట్టీ చుట్టి చూస్తోందట. మంచిదే. నాకు వచ్చినంతలో, ఆరోగ్య శాఖలో ఎవరికి రాయాలో వాళ్ళకు రాశాను. పోస్టులో వెళ్ళింది ఆ ఉత్తరం. ఎవరి ఉద్యోగమూ తీయమని అందులో అడగలేదు. శిక్ష అడగలేదు. అక్క తరఫున ఒక్కటే అడిగాను, రసీదు తప్ప ఏదీ రాలేదు కాబట్టి ఇక్కడ కూడా అడుగుతున్నాను. మా పిల్ల చేతికి ఎవరూ ఏదీ కట్టకుండా, మూడు తడవలు, దాని పేరు కింద రాసిన ఆ నూట ఇరవై, ఎనభై, ఎవరిది?